ఒకసారి వచ్చినవాళ్లు మళ్లీ ఎందుకు రాలేదు?

ప్రశ్న: అన్నగారూ, నమస్తే. మాది చిన్న పిజ్జా షాపు. పెట్టి 14 నెలలైంది. నేనూ మా ఆయనా చూసుకుంటాం, ఇంకో ముగ్గురు పనివాళ్లున్నారు. మొదటి ఎనిమిది నెలలు బాగా నడిచింది. రోజుకు 55, 60 పిజ్జాలు వెళ్లేవి. తొమ్మిదో నెలలో మా మాస్టర్ మానేశాడు. ఆయన దగ్గర హెల్పర్‌గా ఉన్న అబ్బాయే ఇప్పుడు చేస్తున్నాడు, పని బాగానే పట్టుకున్నాడు. తర్వాత అమ్మకాలు 40, 45కి వచ్చాయి. పదకొండో నెలలో మా వీధి చివర పెద్ద చైన్ షాపు తెరిచారు. దాంతో మా పని అయిపోయింది. ఇప్పుడు రోజుకు 20 దాటడం గగనమైపోతోంది. మెనూలో 38 రకాలున్నాయి, ఇంకా పెంచుదామా అని చూస్తున్నాం. డెలివరీ యాప్‌లో సగం ధర ఆఫర్ పెడితే ఆర్డర్లు వస్తాయి, తీసేస్తే ఆగిపోతాయి. షాపులో చిన్న సైజుకు ఒకటి కొంటే ఒకటి ఫ్రీ కూడా పెట్టాం. మా తమ్ముడు రీల్స్ చేయిద్దామంటున్నాడు. మా ఆయన ఇంకొంచెం అప్పు తెచ్చి లోపల డెకరేషన్ మార్చేద్దామంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. కొత్త కస్టమర్లను ఎలా రప్పించాలో చెప్పండి. మొదట్లో వారం వారం వచ్చేవాళ్లు కూడా ఈమధ్య కనపడటం లేదు. దయచేసి పేరు వేయకండి.

సమాధానం: అమ్మా, మీరు అడిగింది కొత్తవాళ్ల గురించి. కానీ నన్ను ఆపేసింది మీ ఉత్తరం చివర్లో ఉన్న ఒక మాట. ‘మొదట్లో వారం వారం వచ్చేవాళ్లు కూడా ఈమధ్య కనపడటం లేదు’ అని ఏదో గుర్తొచ్చి రాసినట్టు రాశారు. నా లెక్కలో అసలు ఉత్తరం అదే.

మీ అంకెలు మీరే ఇంకోసారి చూసుకోండి. ఎనిమిది నెలల పాటు రోజుకు 55, 60. తొమ్మిదో నెలలో మాస్టర్ వెళ్లిపోయాడు. ఆ తర్వాత 40, 45. చైన్ షాపు వచ్చింది పదకొండో నెలలో. అంటే వాళ్లు షట్టర్ ఎత్తకముందే మీ అమ్మకాల్లో దాదాపు నాలుగో వంతు పోయింది. ఆ పోయినవాళ్లను చైన్ షాపు పట్టుకెళ్లలేదు, వాళ్లంతట వాళ్లే మానేశారు. వీధి చివర మెరిసే బోర్డు కనిపించేసరికి తప్పంతా దాని మీదకు నెట్టేశాం. మీరొక్కరే కాదు, అందరం చేసే పనే ఇది. ఎదుటి షాపు కంటికి కనిపిస్తుంది. మన వంటింట్లో మెల్లగా వచ్చిన మార్పు కనిపించదు.

కాబట్టి కొత్తవాళ్లను పిలిచే పని ఒక నెల ఆపండి. చెడ్డ పిజ్జాకు మంచి ప్రచారం చేస్తే, అది చెడ్డదని ఎక్కువమందికి త్వరగా తెలుస్తుంది. మీ పిజ్జా చెడ్డదని నేను అనడం లేదు, నేను తిననే లేదు. కానీ మీరు తిన్నారా? కౌంటర్ దగ్గర పొయ్యిలోంచి తీయగానే ఒక ముక్క కొరికి చూడటం కాదు నేనడిగేది. కస్టమర్ తిన్నట్టు తిన్నారా?

ఇవాళ రాత్రే ఈ పని చేయండి. వేరే నంబర్ నుంచి, తెలిసినవాళ్ల ఇంటి అడ్రస్‌కి మీ షాపులోనే ఆర్డర్ పెట్టించండి. వంటింట్లో ఎవరికీ చెప్పొద్దు. రద్దీ ఎక్కువుండే టైములో పెట్టించండి, ఎందుకంటే తప్పులు జరిగేది అప్పుడే. పెట్టె చేతికొచ్చాక వెంటనే తెరవకండి. ముందు అడుగున చెయ్యి పెట్టి చూడండి, తడిగా మెత్తబడిందా అని. తర్వాత మూత ఎత్తి లోపలివైపు చూడండి. నీటి చుక్కలు పట్టి ఉన్నాయా? చీజ్ మూతకు అంటుకుందా? ఒక ముక్క అంచు పట్టుకుని ఎత్తండి. మొన నేలకు వేలాడిపోయి, పైన వేసినవన్నీ జారి పడుతున్నాయా? ముక్కను తిరగేసి అడుగు చూడండి. గోధుమరంగు మచ్చలు ఉండాలి. తెల్లగా, మైదా ముద్దలా ఉందంటే పొయ్యిలో పిజ్జా పెట్టే రాయి సరిగా వేడెక్కలేదన్న మాట. ఇంకో ముక్క పక్కన పెట్టి పావుగంట తర్వాత తినండి. అప్పుడు కూడా నోటికి బాగుంటేనే మనవాళ్లు మళ్లీ ఆర్డర్ చేస్తారు. సాగదీస్తే రబ్బరులా ఉందంటే ఎవరూ ఫోన్ చేసి మీకు చెప్పరు, తిట్టరు. ఊరుకుంటారు, అంతే.

నేను బేకరీ నడిపిన రోజుల్లో ఒకావిడ ప్రతి శనివారం కేకు తీసుకెళ్లేది. ఉన్నట్టుండి మానేసింది. చాలా నెలల తర్వాత బస్టాపులో కనిపిస్తే మొహమాటపడుతూనే అడిగాను. ‘ఏం లేదండీ, రెండుసార్లు పాత నూనె వాసన వచ్చింది’ అంది. రెండే రెండుసార్లు. మేం కొత్త డబ్బా తెరవకుండా పాతది అడుగంటా వాడిన వారాలవి. ఆ డబ్బా మీద నేను మిగుల్చుకున్నదెంతో తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మీ హెల్పర్ అబ్బాయిని నేను తప్పుపట్టడం లేదు. చేతుల పని చూసి నేర్చుకున్నాడు. చూస్తే రానివి కొన్నుంటాయి, అవి టైము, వేడి, తూకం. పాత మాస్టర్ పిండి ఎప్పుడు కలిపేవాడు? నా అనుమానం, ముందు రోజే కలిపి ఫ్రిజ్‌లో పెట్టేవాడు. ఇప్పుడు ఈ అబ్బాయి పొద్దున కలిపి, త్వరగా పొంగాలని ఈస్ట్ ఎక్కువేసి, సాయంత్రానికి వాడేస్తున్నాడేమో అడగండి. కిలో మైదాకు 600 నుంచి 650 మిల్లీలీటర్ల నీళ్లు, 20 నుంచి 25 గ్రాముల ఉప్పు, రెండు మూడు గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్ వేసి, ఉండలు చుట్టి 4 డిగ్రీల దగ్గర ఒక రోజు నుంచి రెండు రోజులు ఉంచితే పిండి నెమ్మదిగా పులుస్తుంది. ఆ టైములో పిండిలోని గంజి కొంత చక్కెరగా మారుతుంది. పొయ్యిలో రంగు వచ్చేది, నమిలితే రుచి తగిలేది చాలావరకు ఇలా నెమ్మదిగా పులవడం వల్లే. తొందరపెట్టి పొంగించిన పిండి పైకి అలాగే కనిపిస్తుంది, రుచి మాత్రం చప్పగా ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి తీశాక గంటన్నర, రెండు గంటలు బయట ఉంచకపోతే సాగదీసినప్పుడు వెనక్కి ముడుచుకుంటుంది. అప్పుడు కర్రతో బలంగా ఒత్తేస్తారు. లోపలి గాలంతా పోయి బేస్ అట్టలా తయారవుతుంది.

పొయ్యి సంగతి కూడా చూడండి. ఇటలీలోని నేపుల్స్ నగరం పద్ధతి కట్టెల పొయ్యిలో 430 నుంచి 480 డిగ్రీల వేడిలో పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో కాలిపోతుంది. మీది మామూలు డెక్ ఒవెన్ (లోపల రాతి పలక మీద కాల్చే పొయ్యి) అయితే 300 డిగ్రీల చుట్టుపక్కల ఐదారు నిమిషాలు పట్టొచ్చు, అదేం తప్పు కాదు. చిక్కెక్కడంటే రద్దీలో. తలుపు పదేపదే తెరుస్తారు, ఒకే చోట చల్లటి పిండి వరసగా పెడతారు, రాయి వేడి పడిపోతుంది. డయల్ మీద 300 అనే ఉంటుంది కానీ రాయి మీద ఉండదు. మొదటి పిజ్జా బ్రహ్మాండంగా వస్తుంది, ఆరోది అడుగున తెల్లగా వస్తుంది. దూరం నుంచి గురిపెట్టి వేడి చూసే చిన్న థర్మామీటర్లు దొరుకుతాయి, ఒకటి కొనండి. డెకరేషన్ ఖర్చులో అదెంతో కూడా కాదు.

దీంతోపాటే ఒక తూకం యంత్రం. పన్నెండంగుళాల పిజ్జాకు పిండి ఉండ ఎంత, సాస్ ఎంత, చీజ్ ఎంత అని గ్రాముల్లో కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఉండ 250 నుంచి 280 గ్రాములు మామూలు లెక్క. మిగతావి మీ రుచిని బట్టి మీరే పెట్టుకోండి, కానీ ఒకసారి పెట్టుకున్నాక ఎవరు చేసినా అదే. పెద్ద చైన్ షాపుల దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఏదైనా ఉందంటే ఇదొక్కటే. వాళ్ల పిజ్జా మీదానికంటే రుచిగా ఉండక్కర్లేదు. పోయిన నెల ఎలా ఉందో ఈ నెలా అలాగే ఉంటుంది. జనం సగం దానికోసమే వెళ్తారు.

అన్నట్టు, 2017లో యునెస్కో నేపుల్స్ పిజ్జా మాస్టర్ల కళను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. గమనించండి, పళ్లెంలో ఉన్న పిజ్జాని కాదు, పిండి ఒత్తి, తిప్పి, కాల్చే చేతిపనిని. మాస్టర్ మానేసిన సంగతి మీ ఉత్తరంలో ఒకే ఒక్క వాక్యంలో ఉంది, డెకరేషన్ మాట వస్తే అప్పు దాకా వెళ్లింది. వీలైతే ఆయనకు ఫోన్ చేయండి. తిరిగి రమ్మని కాకపోయినా రెండు రోజులు వచ్చి అబ్బాయికి పిండి పని చూపించమని అడగండి, దానికి కూలి ఇవ్వండి. ఆయన వెళ్లింది గొడవపడి అయితే మీవారు కాకుండా మీరు మాట్లాడితే మేలేమో.

ఇక పెట్టె. వేడి పిజ్జాను పొయ్యిలోంచి తీయగానే అట్టపెట్టెలో పెట్టి మూత వేస్తే, దాని ఆవిరి దాన్నే ఉడకబెడుతుంది. తీగల జల్లెడ లాంటి స్టాండు మీద ఒకట్రెండు నిమిషాలు ఉంచి, తర్వాత కోసి, పెట్టెలో పెట్టండి. పెట్టె పక్కన గాలి కన్నాలు ఉంటాయి, వాటిని మూసేయకుండా చూడండి. పుట్టగొడుగులు, టమాటాలు పచ్చివి కుప్పగా వేస్తే నీళ్లు వదులుతాయి. ముందుగా కాస్త వేయించి ఆ నీరు పోగొడితే అడుగు మెత్తబడదు. డెలివరీ సంచి లోపల చెమ్మ ఉంటే రోజూ ఆరబెట్టాలి. చిన్న విషయాలే, కానీ ఇంటికి చేరే పిజ్జా రుచి వీటి మీదే ఉంటుంది.

ఇదంతా అయ్యాక పాత కస్టమర్ల దగ్గరికి వెళ్దాం. మీ బిల్లుల్లో ఫోన్ నంబర్లుంటాయి. ఒక నోటుబుక్‌లో ఎవరు ఎన్నిసార్లు ఆర్డర్ చేశారో, చివరిసారి ఎప్పుడో రాయండి. రెండు మూడు రాత్రుల పని. నాలుగైదుసార్లు కొని, ఆ తర్వాత కనపడకుండా పోయినవాళ్లు మీకు కావలసినవాళ్లు. ఒక ఇరవైమందికి మీరే ఫోన్ చేయండి, పనివాళ్ల చేత చేయించొద్దు. ‘మా పిజ్జా ఎలా ఉందండీ’ అని అడగకండి, ‘బాగుందండీ’ అని పెట్టేస్తారు. మర్యాదకు అబద్ధం చెప్పడం మనందరికీ అలవాటే. ‘చివరిసారి తెప్పించుకున్నప్పుడు ఇంటికొచ్చేసరికి వేడిగా ఉందా? అడుగు మెత్తబడిందా? ఎంతసేపు పట్టింది?’ అని అడగండి. జరిగింది అడిగితే జరిగింది చెప్తారు, అభిప్రాయం అడిగితే మొహమాటపడతారు. చెప్పినప్పుడు ‘అది కాదండీ, ఆ రోజు ఏమైందంటే...’ అని మాత్రం మొదలుపెట్టొద్దు. రాసుకోండి, థాంక్స్ చెప్పండి. ఇరవైమందిలో ఏడెనిమిది మంది ఒకే మాట అన్నారంటే మీ జబ్బు పేరు తెలిసిపోయినట్టే.

బాగుచేశాక వాళ్లకే మళ్లీ ఫోన్ చేయండి. ‘మీరు చెప్పింది నిజమేనండీ, పిండి మార్చాం, ఈసారి ఒకటి మా తరఫున పంపిస్తాం, తిని చెప్పండి’ అనండి. రీల్స్ చేయించడానికి పెట్టే డబ్బుతో చాలామందికి ఇలా పంపొచ్చు. తప్పు ఒప్పుకుంటే పరువు పోతుందని మీవారు అనొచ్చు. డొమినోస్ అంతటి కంపెనీయే 2009 చివర్లో అమెరికాలో టీవీ ప్రకటనల్లో, తమ పిజ్జా బేస్ అట్టముక్కలా ఉందని కస్టమర్లు తిట్టిన మాటల్ని తామే చూపించి, రెసిపీ మార్చామని చెప్పుకుంది. వాళ్లేమీ మునిగిపోలేదు, ఆ తర్వాత అమ్మకాలు పెరిగాయి. అయితే వాళ్లు ముందు పిజ్జా మార్చారు, తర్వాతే క్షమాపణ చెప్పారు. మీరూ ఆ వరసలోనే వెళ్లండి.

ఆఫర్ల సంగతి కొంచెం నిదానంగా చదవండి, పక్కన కాగితం పెట్టుకోండి. ఒక పిజ్జా ధరను 100 వంతులు అనుకుందాం. సరుకులకు 30, పెట్టెకీ చిల్లర వాటికీ 5 పోయాయనుకోండి. నేరుగా మీ దగ్గర కొంటే 65 మిగుల్తుంది, అందులోంచే అద్దె, జీతాలు, కరెంటు. యాప్ కమిషన్ 25 అనుకుంటే మిగిలేది 40. ఇప్పుడు సగం ధర ఆఫర్ మీ ఖర్చుతో పెట్టారు. వచ్చేది 50. కమిషన్ తగ్గించిన ధర మీదే వేస్తారనుకున్నా పన్నెండున్నర పోతుంది. సరుకులూ పెట్టే 35. మిగిలింది రెండున్నర వంతులు! మీ రోజువారీ అద్దె, జీతాల ఖర్చు 20 పిజ్జాల ధరకు సమానం, అంటే 2000 వంతులు అనుకోండి. నేరుగా 31 పిజ్జాలు అమ్మితే ఆ ఖర్చు గట్టెక్కుతుంది. యాప్ మీద మామూలు ధరకు 50 అమ్మాలి. సగం ధర ఆఫర్‌లో అయితే 800 అమ్మాలి. ఎనిమిది వందలు! ఆ రోజు ఆర్డర్లు టకటకా వస్తుంటే సంతోషమేసింది కదూ? మీ అంకెలు నేననుకున్నవాటికి కొంచెం అటూ ఇటూ ఉంటాయి. మీ బిల్లులు పెట్టుకుని మీరే వేసుకోండి. కానీ ఆ ఆఫర్ మాత్రం రేపే తీసేయండి.

యాప్‌ను పూర్తిగా వదిలేయమనను. మీరున్నారని కొత్తవాళ్లకు తెలిసేది అక్కడే. యాప్ ఆర్డరుకు వెళ్లే ప్రతి పెట్టెలో మీ ఫోన్ నంబరున్న చిన్న కార్డు ఒకటి పెట్టండి, నేరుగా చేస్తే ఏమిస్తారో దాని మీద రాయండి. యాప్‌తో చేసుకున్న ఒప్పందంలో దానికి అడ్డమేమైనా ఉందేమో ముందు చదువుకోండి. నేరుగా ఆర్డర్లు కావాలంటే ఫోన్ ఎత్తాలి మరి. రద్దీ టైములో మీ షాపు ఫోన్ ఎన్నిసార్లు మోగి ఆగిపోతోందో ఒక వారం లెక్కపెట్టండి, ఆశ్చర్యపోతారు.

ఒకటి కొంటే ఒకటి ఫ్రీ గురించి ఒక తమాషా చెప్తాను. ఎనిమిదంగుళాల పిజ్జాలు రెండు, పన్నెండంగుళాలది ఒకటి పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువ అని అడిగితే చాలామంది రెండున్నవైపే చూపిస్తారు. లెక్క వేస్తే ఎనిమిదంగుళాలది ఒక్కోటి సుమారు 50 చదరపు అంగుళాలు, రెండూ కలిపి 100. పన్నెండంగుళాలది ఒక్కటే 113. అంచున అంగుళం వదిలేసి చీజ్ ఉన్న భాగమే చూస్తే రెండు చిన్నవీ కలిపి 56, పెద్దది 78. అంటే కస్టమర్‌కి పెద్దదాన్లోనే తినే భాగం ఎక్కువ. మీకేమో చిన్నవి రెండైతే రెండు ఉండలు ఒత్తాలి, పొయ్యిలో రెండు చోట్లు కావాలి, రెండు పెట్టెలు. మీకు పని ఎక్కువ, కస్టమర్‌కి తినే భాగం తక్కువ, అలాంటి బేరాన్ని ఆఫర్ అని బోర్డు పెట్టి మరీ అమ్ముతున్నారు! దాని బదులు పెద్దది ఒకటి, సగం ఒక రకం, సగం ఇంకో రకం ఇవ్వండి. ఇంట్లో ఇద్దరి గొడవ తీరిపోతుంది. ఆ చిన్న, పెద్ద పిజ్జాల లెక్కను బొమ్మ గీసి గోడకు పెట్టినా బాగుంటుంది, పిల్లలు ఆగి మరీ చదువుతారు.

38 రకాలు ఎందుకండీ? పోయిన నెల బిల్లుల్లో ఒక్కో రకం ఎన్ని పోయాయో గీతలు గీయండి. ఏడెనిమిది రకాలు సింహభాగం మోస్తుంటాయి, మిగతావి ఫ్రిజ్‌లో చోటు ఆక్రమించుకుని కూర్చుంటాయి. రోజుకు 20 పిజ్జాలు పోయే షాపులో 38 రకాలకు సరుకులు తాజాగా ఉంచడం ఎవరి తరమూ కాదు. పన్నెండుకు కుదించండి. నెలకొకటి కొత్తది పెట్టి తీసేస్తుండండి, ఎవరైనా పదేపదే అడిగితే ఉంచండి. అన్నిటికంటే ముందు మార్గరీటా సరిగ్గా రావాలి. సాస్, చీజ్, పిండి తప్ప దాచుకోవడానికి దాన్లో ఏమీ ఉండదు. మీ హెల్పర్ అబ్బాయి చేతి పని తెలిసేది అందులోనే.

చైన్ షాపుతో ధరలో, వేగంలో పోటీ పడొద్దు. 30 నిమిషాల హామీతో పేరు తెచ్చుకున్న డొమినోసే ప్రమాదాలు, కోర్టు కేసుల తర్వాత 1993లో అమెరికాలో ఆ హామీ ఎత్తేసుకుంది. ‘నలభై నిమిషాలు పడుతుందండీ’ అని చెప్పి ముప్పై ఐదుకు పంపించండి, అది చాలు. వాళ్లు చేయలేనివి మీకున్నాయి. ఫోన్‌లో గొంతు విని పేరు పెట్టి పిలవడం, ‘పోయినసారి ఉల్లిపాయ వద్దన్నారు, ఇప్పుడూ తీసేయమంటారా’ అని అడగడం. అందుకు కావలసింది ఆ నోటుబుక్కే.

మూడు నాలుగు వారాలు గడిచి, పావుగంట ఆరిన ముక్క మీకే నచ్చాక, అప్పుడు కొత్తవాళ్ల మాట. మీ షాపు నుంచి బండి మీద పది నిమిషాల్లో చేరగలిగినంత మేర ఒక గీత గీయండి. దానిలోపల ఆఫీసులు, హాస్టళ్లు, జిమ్‌లు, పిల్లల క్లాసులు ఏమున్నాయో నడిచి చూడండి. ఆకలేసే వేళకు ఒక పెద్ద పిజ్జా చిన్న ముక్కలుగా కోసి వేడిగా పట్టుకెళ్లి రుచి చూపించండి. ఒక ఆఫీసులో పుట్టినరోజుల లెక్క చూసే మనిషి ఒకరుంటారు, ఆ మనిషి దొరికితే నెలకు నాలుగు పెద్ద ఆర్డర్లు దొరికినట్టే. గూగుల్ మ్యాప్‌లో మీ షాపు టైములు, నంబర్ సరిగా ఉన్నాయో చూడండి. తెరిచి ఉందని చూపించి మూసేసి ఉన్న షాపుకి రెండోసారి ఎవరూ రారు. డబ్బులిచ్చి మంచి రివ్యూలు రాయించే పని మాత్రం పెట్టుకోవద్దు, చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

తమ్ముడు రీల్స్ చేయిద్దామంటే అప్పుడు చేయించనివ్వండి. డాన్సులు వద్దు. పొయ్యి తలుపు తెరిచినప్పుడు అంచు పొంగి బుడగలు కట్టడం చూపిస్తే సరిపోతుంది.

అప్పు మాత్రం చేయొద్దు. మీవారికి ఈ ఉత్తరం చూపించి చెప్పండి, నేనే అన్నానని. గోడలు నచ్చక వారం వారం వచ్చేవాళ్లు మానరు. లోపల లైట్లు సరిగా వెలగాలి, బల్లలు జిడ్డు లేకుండా ఉండాలి, బోర్డు రాత్రి కూడా చదవగలగాలి. ఆ పాటి ఖర్చు రోజు గల్లాపెట్టెలోంచే అవుతుంది. ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పాలి, బాధగా ఉన్నా. క్యాలెండర్‌లో మూడు నెలల తర్వాత ఒక తేదీకి గీత పెట్టుకోండి. ఆ రోజుకి నోటుబుక్‌లో రెండోసారీ మూడోసారీ వచ్చినవాళ్ల పేర్లు పెరుగుతుంటే, రోజుకు 20 ఇంకా 30 కాకపోయినా కొనసాగించండి. ఆ పేర్లు పెరగకుండా, ఇంట్లోంచి డబ్బు తెచ్చి జీతాలిస్తుంటే షాపు అమ్మేయడం గురించి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. పొయ్యికీ ఫ్రిజ్‌కీ మంచి ధర వచ్చేది నడుస్తున్న షాపుకే, మూతపడ్డాక కాదు.

ఆ తేదీ దూరంలో ఉంది. ఇవాళ రాత్రి ఆ పెట్టె తెప్పించుకోండి. మీవారు, మీ హెల్పర్ అబ్బాయి, మీరు, ముగ్గురూ ఒక్కో ముక్క తిరగేసి చూడండి. అడుగు ఏ రంగులో ఉందో నాకు రాయండి.